తల్లికి టికెట్టు కొట్టిన రోజు

మొన్న గుంటూరు పెళ్ళికి పోతూ మిర్యాలగూడ రైల్వే స్టేషనులో రెండు గంటలు కూర్చోవలసి వచ్చింది. రైలు ఆలస్యం. మా మనవరాలు సుజాత అక్కడే బ్యాంకులో పనిచేస్తుంది. నన్ను రైలెక్కించడానికి వచ్చి, ఆ రైలు ఎంతకీ రాక, ఫోను చూసుకుంటూ ఆవులిస్తోంది. నేను గోడలు చూస్తున్నాను. ఈ మధ్య స్టేషన్లలో బొమ్మలు వేయిస్తున్నారని వినడమే గానీ కళ్ళారా చూడటం అదే మొదటిసారి. ఒక గోడ నిండా డప్పు కొట్టేవాళ్ళు, నాట్లు వేసే ఆడవాళ్ళు, బతుకమ్మ ఎత్తుకున్న పిల్లలు. రంగులు కాస్త ఎక్కువ మెరుస్తున్నాయి. ఒకామెకు మోచేయి ఉండాల్సిన చోట లేదు. నలభై ఏళ్ళు బళ్ళో డ్రాయింగు చెప్పిన దాన్ని, తప్పులు కనిపించకుండా ఎట్లా ఉంటాయి. అయినా నాకు కడుపు నిండినట్టయింది. కళ్ళజోడు సవరించుకుని గోడకు జానెడు దూరంలో నిలబడ్డాను.

"అమ్మమ్మా, గంత దగ్గరికి పోయి ఏం సూస్తున్నవ్?" అంది సుజాత.

"కండ్లు సూస్తున్ననే. మా నాయిన గిసుంటి బొమ్మలు సూర్యాపేట టేసన్ల ఏసిండు, నాకు పదమూడేండ్లున్నప్పుడు."

"సూర్యాపేటల రైలు టేసన్ ఏడిది? గిప్పటికీ లేదు గద."

పిల్ల మాట నిజమే. సూర్యాపేటకు రైలు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. కానీ ఆ రోజుల్లో మా బస్సులు నడిపింది రైలు ఖాతా వాళ్ళే. అందుకని జనం బస్సులు ఆగే చోటును టేసన్ అనేవాళ్ళు. రైలు మొహం ఎన్నడూ చూడనివాళ్ళు కూడా "టేసన్‌కు పోయొస్త" అని దర్జాగా చెప్పుకునేవాళ్ళు. టేసన్ అంటే ఒక రేకుల షెడ్డు, మూడు గోడలు, ముందువైపు ఖాళీ, అక్కడ గడపలాగా ఒక బండ. వెనక గోడలో ఒక మూలకు టికెట్ల కిటికీ, దాని అవతల బుకింగ్ సాబు గది. ఒకటే బెంచీ, దాని మీద తలపాగాల వాళ్ళు కూర్చుంటే మిగతా అందరూ నేల మీద. అయితే ఒక సంగతి చెప్పాలి. ఆ కప్పు కింద అందరూ కూర్చునేవాళ్ళు. ఊరి నడుమ వాళ్ళూ, ఊరవతలి వాడల వాళ్ళూ, అంతా ఆ నీడలోనే. అది సర్కారు షెడ్డు, లేవమనే హక్కు ఎవరికీ లేదు. మా ఊళ్ళో అట్లాంటి చోటు ఇంకొకటి నాకు గుర్తు లేదు.

మేము పటాలు గీసే వాళ్ళం. పటం అంటే మూరల కొద్దీ పొడవున్న గుడ్డ మీద కథంతా బొమ్మలుగా గీసినది. కథలు చెప్పేవాళ్ళు దాన్ని వేలాడదీసి, బొమ్మ బొమ్మకూ కట్టె చూపిస్తూ పాడేవాళ్ళు. ఒక్కొక్క కులానికి ఒక్కొక్క కథ, ఒక్కొక్క పటం. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఇంట్లో నాయిన, నాయనమ్మ, నేను. తెల్లవారితే మా ఇంట్లో చింతగింజలు ఉడికే వాసన. గింజలు నానబెట్టి, రుబ్బి, అంబలి కాచి, సుద్దమట్టి కలిపి గుడ్డకు పట్టించాలి. ఆ పులిసిన వాసనకు పక్కింటివాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు గానీ నాకు ఇప్పటికీ అదే ఇల్లు. అంబలి కుదిరిందో లేదో నాయనమ్మ నాలిక మీద వేసుకుని చెప్పేది. దవడన ఎప్పుడూ పొగాకు ముక్క ఉండే ఆ నోటికి రుచి ఎట్లా తెలిసేదో ఆ దేవుడికే ఎరుక. నాయిన బొమ్మ మొదలుపెట్టే ముందు బెల్లం నీళ్ళు తాగేవాడు, ఆ తర్వాత పొద్దుగూకే దాకా మాట్లాడేవాడు కాదు. రంగులు నూరడం, దీపం మసి పట్టడం, జిగురు కరిగించడం ఆడవాళ్ళ పని. గీత మగవాళ్ళది.

అందులోనూ కండ్లు. పటంలో ఎన్ని బొమ్మలున్నా అమ్మవారి కండ్లు, ఆమెను మేము తల్లి అనేవాళ్ళం, చిట్టచివరన దిద్దాలి. ఉడుత తోక వెంట్రుకలతో కట్టిన సన్న కుంచె ఒకటి దానికోసమే వెదురు గొట్టంలో దూలానికి వేలాడుతుండేది. పటం గీయించుకున్నవాళ్ళు వచ్చి, బియ్యం, కొత్త బట్టలు పెట్టి, ఇక తల్లికి దీపధూపాలు మావి అని ఒప్పుకున్నాకే నాయిన ఆ కుంచె దింపేవాడు. కండ్లు దిద్దితే అది గుడ్డ కాదు, తల్లి. పటం చిరిగిపోయినా పారేయకూడదు, మనిషికి చేసినట్టే అన్నీ చేసి ఏట్లో కలపాలి. ఆడపిల్లకు కండ్లు దిద్దడం నేర్పరు. రేపు ఇంకో ఇంటికి పోతుంది, ఇంటి విద్య వెంట పోతుందని. నేను దొంగచాటుగా బొగ్గుతో గోడ వెనక గీసుకునేదాన్ని. గొప్పగా చెప్పుకోవడం అనుకోకండి, నా కన్ను నాయిన కన్ను కంటే బాగుండేది.

నవాబు రాజ్యం పోయిన కొత్త. ఊళ్ళల్లో గడబిడలు, మిలటరీ లారీలు, అవన్నీ పెద్దవాళ్ళ పుస్తకాల్లో ఉన్నాయి. మా ఇంటికి తగిలింది ఒకటే: పటాలు గీయించుకునేవాళ్ళు రావడం మానేశారు. నాయిన ఊరికే కుంచెలు కడిగి ఎండబెట్టుకునేవాడు. అట్లాంటి ఒక పొద్దున బుకింగ్ సాబు మా వాకిట్లోకి వచ్చాడు. హైదరాబాదు మనిషి, ఇంట్లో ఉర్దూ, బయట మా తెలుగు. మంచి బొమ్మ కనిపిస్తే కదలని మనిషి.

"వెంకటయ్యా, జర నా పరేషాని ఇను," అన్నాడు. "బస్సు పొద్దుగాల అంటరు, పగటీలి కొస్తది. మంది గన్ని గంటలు నా గోడ దిక్కే సూస్కుంట కూసుంటరు. సూసి సూసి యాష్టకొస్తే ఏం జేస్తరు? ఉమ్ముతరు."

"సున్నమెయ్యరాదు సాబ్."

"మూడుసార్లు ఏసిన. తెల్లగుంటే ఇంకింత మంచిగ ఉమ్ముతున్నరు. బొమ్మలు ఏస్తే మనసొప్పదు గద. ఇంకోటేందంటే, వాళ్ళు గూడ సూసేటందుకు ఏమన్న ఉండాలె. టికెట్టు కొన్నోడు బస్సు కొరకే పుట్టిండా?"

నాయిన ఎండలో ఉన్న కుంచెలు ఏరి కట్ట కట్టాడు. తర్వాత, "పటమంటే ఒక కులపోళ్ళది సాబ్. ఈ గోడ ఎవలది?" అని అడిగాడు.

"టికెట్టు కొన్నోళ్ళందరిది," అన్నాడు సాబు.

ఆ మాటకు మా నాయిన మొహం మారడం నేను చూశాను. ఎన్నో ఏళ్ళుగా గీసిన పటాల్లో ప్రతి ఒక్కటీ ఒక్క కులం వాళ్ళు మాత్రమే చూసి, చుట్టి, దాచుకున్నవే. అందరూ చూసే బొమ్మ గీయమని ఆయన్ను అడిగినవాడు లేడు. సాబు ఇస్తానన్న బస్సు రంగు డబ్బాలను మాత్రం నాయిన వద్దన్నాడు. ఎర్ర రంగు వేస్తే ఉమ్మి కనపడదని సాబు ఆశపడ్డాడు పాపం. "ఉమ్మి కనపడకుంట బొమ్మ ఎయ్యమంటవా సాబ్, ఉమ్మకుంట ఎయ్యమంటవా?" అన్నాడు నాయిన.

నెలంతా వేశాడు. నేను రంగు చిప్పలు పట్టుకుని పక్కనే. ఎడమ గోడకు కోదాడ బాట, కుడి గోడకు మిర్యాలగూడ బాట. మధ్యలో ఊళ్ళు, వాగులు, పొలాలు, ఎద్దుల బండ్లు, మిరపకాయల బస్తా మీద నిద్రపోయే ముసలాయన, బస్సు వెనక ఉరికే కుక్క. కూర్చున్నవాళ్ళు లేచి వచ్చి, ఇదిగో మా మోతె, అదిగో నడిగూడెం అని వేళ్ళతో చూపించుకునేవాళ్ళు. తమ ఊరు లేకపోతే తగాదాకు దిగేవాళ్ళు. మిర్యాలగూడ బస్సు నడిపే డ్రైవరుది కోదాడ. అతను రోజూ చేతులు కట్టుకుని చూసి, "మా కోదాడ ఇంత చిన్నగా వేశారేంటండీ, మీ పేట మాత్రం పెద్దగా ఉంది?" అనేవాడు. ఉమ్మడం ఆగిపోయింది. ఎవడైనా మరిచిపోయి నోరు కదిపితే పది మంది కేకలేసేవాళ్ళు.

వాళ్ళందరిలోకీ నాకు ఎక్కువ గుర్తున్న మనిషి ఎల్లవ్వ. చివ్వెంల వాడ మనిషి, ఈత చీపుర్లు కట్టి అమ్మేది. కూతుర్ని మిర్యాలగూడ ఇచ్చింది. ఆ పిల్లకు తొలిచూలు, ఒంట్లో బాగుండేది కాదు. ప్రతి మంగళవారం పొద్దున్నే నడిచొచ్చి, బస్సు వచ్చే దాకా గోడకు ఒరిగి కూర్చుని నాయిన పనికి వంకలు పెట్టేది. "అయ్యా, గా ఎద్దుకు కొమ్ము వంకర పోయింది." నాయిన నోరెత్తకుండా కొమ్ము సరిచేసేవాడు. "గా ఆడిమనిషి మూట గట్ల వట్టుకుంటే రెండడుగులేస్తదా? గిట్ల వట్టుకోవాలె," అని తన మూట ఎత్తి చూపించేది. మిర్యాలగూడ బాట గోడలో సగం ఎల్లవ్వ చెప్పినదే.

వెనక గోడకు నాయిన తల్లిని వేశాడు. వేయాలని కాదు. తల్లి లేకుండా పటం మొదలుపెట్టడం ఆయన చేతికి రాదు. నిలువెత్తు తల్లి, కిరీటం, చేతిలో కత్తి, కాళ్ళ దగ్గర సింహం. కండ్లు మాత్రం దిద్దలేదు. "కండ్లు తెరిపిస్తే దీపం వెట్టాలె, ధూపం వెయ్యాలె. టేసన్ల ఎవలు వెడ్తరు? గీడ మంది కాళ్ళు సాపుకోని కూసుంటరు, తినుకుంట కూసుంటరు. గట్లనే ఉండనీ," అన్నాడు. ఆ ఖాళీ కండ్లను చూసి పిల్లలు జడుసుకునేవాళ్ళు. గుడ్డి తల్లి, గుడ్డి తల్లి అని వెక్కిరించేవాళ్ళు కొందరు. నాకు ఒళ్ళు మండేది. ఒక పగటిపూట నాయిన అన్నానికి ఇంటికి పోయాడు. బస్సు వెళ్ళిపోయి షెడ్డు ఖాళీగా ఉంది. సాబు లోపల నమాజులో ఉన్నాడు. నేను ఇంటికి ఉరికి, నాయిన పెరట్లో చేతులు కడుక్కుంటుండగా దూలం మీది కుంచె తీసుకుని మళ్ళీ ఉరికొచ్చాను. నిచ్చెన ఎక్కి రెండు కండ్లూ దిద్దాను. చేప ఆకారం, కొసలు చెవి దాకా, నల్లగుడ్డు కొంచెం కిందికి దించి. దిగి చూస్తే తల్లి నన్నే చూస్తోంది. ఎటు జరిగినా నన్నే చూస్తోంది.

నాయిన వచ్చి, చూసి, చేతిలోని చిప్ప కింద పెట్టాడు. "ఎవలు దిద్దిన్రు?" అన్నాడు. కుంచెను వీపు వెనక దాచుకున్నాను. "నాకెరుక లేదు," అన్నాను. అదీ నేను చేసిన అసలు తప్పు. అప్పుడే వచ్చిన ఇద్దరు ముగ్గురు ఆ మాట విన్నారు. ఎవరూ దిద్దలేదంటే తల్లి తనంతట తానే కండ్లు తెరిచిందన్నమాట. సాయంత్రానికి పేట అంతా పాకింది, మర్నాటికి చుట్టుపక్కల ఊళ్ళన్నీ.

మొదట ఎవరో పసుపు కుంకుమ పెట్టారు. తర్వాత దీపం. తర్వాత షెడ్డు పక్కన బెల్లం, పొగాకు అమ్ముకునే నర్సయ్య కొబ్బరికాయలు తెప్పించి కుప్ప పోశాడు. చెప్పులు బయట విడవాలన్నారు. షెడ్డులో ఏమీ తినొద్దన్నారు. ఆ తర్వాత, నేను కలలో కూడా అనుకోనిది, వాడల వాళ్ళు లోపలికి రావద్దన్నారు. గుడిలోకి రానిస్తామా ఏమి, ఇదీ గుడే కదా అని నర్సయ్యా, ఇంకో నలుగురు పెద్దలూ. ఎవరికీ చెందని నీడ ఉన్న ఒక్క చోటును నేను రెండు గీతలతో గుడి చేశాను. నాయిన సాబు దగ్గరికి పోయి, నువ్వన్న చెప్పరాదా అన్నాడు. సాబు తల వంచుకున్నాడు. "దినాలు ఎట్లున్నయో నీకెరుకే వెంకటయ్యా. నా అసుంటి పేరున్నోడు తల్లి ముచ్చట తీస్తే ఇంకోటయితది," అన్నాడు.

మంగళవారం ఎల్లవ్వ వచ్చింది. కూతురికి నొప్పులు మొదలైనట్టు కబురు అందింది. ఆ సంగతి ఆమె మొహంలోనే ఉంది. ఎండాకాలం, పొద్దెక్కేసరికి నేల కాలుతోంది. టికెట్ల కిటికీ షెడ్డు లోపల, ఆమెను గడప దగ్గరే ఆపేశారు. "అయ్యా, జర నా టికెట్టు తెచ్చియ్యున్రి. నా బిడ్డ పురుడు పోసుకుంటుంది," అని లోపలికి పోయే ఒక్కొక్కరినీ అడిగింది. ఆ రోజు తల్లి దర్శనానికి వచ్చినవాళ్ళే వంద మంది. ఆ గోలలో కిటికీ అవతల ఉన్న సాబుకు ఆమె గొంతు వినపడలేదు. నేను ఆ గుంపులో ఇరుక్కుని, ఆమె దగ్గరికి వచ్చేసరికి బస్సు నిండి కదిలింది. ఎల్లవ్వ దుమ్ములో కొంతదూరం ఉరికింది. తర్వాత ఆగి, కొంగు నెత్తి మీద వేసుకుని, మిర్యాలగూడ బాట పట్టి నడవడం మొదలుపెట్టింది. ఆ వీపు చూస్తూ నేను అక్కడే ఏడ్చాను.

ఆమె నాలుగు రోజుల తర్వాత తిరిగొచ్చింది. పిల్ల పుట్టింది, తల్లీపిల్లా బాగున్నారు. "నేను పొయ్యేసరికి ఐపోయింది. అవ్వ రాలేదా, అవ్వ రాలేదా అని రాత్రంత ఏడ్సిందట," అంది మా వాకిట్లో కూర్చుని. అరికాళ్ళు పుండ్లయి ఉన్నాయి. నాయనమ్మ పసుపు, నూనె కాచి పట్టిస్తోంది. ఇక నా వల్ల కాలేదు. "కండ్లు నేనే దిద్దిన," అన్నాను. నాయిన లేచి వచ్చాడు. కొడతాడనుకున్నాను. "గొట్టంల వెట్టిన కుంచె తడిగుండె గద, నాకు గప్పుడే ఎరుక," అన్నాడు. "నువ్వు జెప్తవేమో అని సూసిన." ఆ మాట దెబ్బ కంటే ఎక్కువ తగిలింది.

మర్నాడు నేను టేసన్‌కు పోయి అందరి ముందూ చెప్పాను. నవ్వారు. "ఆడిపిల్ల దిద్దిన కండ్లా గవి?" అన్నాడు నర్సయ్య. నాకు భయం పోయి కోపం వచ్చింది. బొగ్గు తీసుకుని బండ మీద అదే కన్ను గీసి చూపించాను. అందరూ దాని వంకా, గోడ వంకా చూశారు. "నిజమే, ఈ పొల్లనే దిద్దింది. అంటే తల్లి ఈ పొల్ల చేత దిద్దిచ్చుకున్నది," అన్నాడు నర్సయ్య. ఇంకో నలుగురు చెంపలేసుకున్నారు. నిజం చెబితే ఖతం అవుతుందనుకున్నాను, ఇంకింత ముదిరింది.

నాయిన సున్నం పూసేస్తాను అన్నాడు గానీ చేయి లేవలేదు. తెరిచిన కండ్లు మూయడమంటే మా ఇంట్లో ప్రాణం తీయడం కిందే లెక్క. "పటమైతే ఏట్ల కలుపుదును. గోడను ఎట్ల కలుపుతనే అవ్వా?" అన్నాడు నాయనమ్మతో. నాయనమ్మ పొగాకు ముక్క ఈ దవడ నుంచి ఆ దవడకు మార్చుకుంది. "గోడనెందుకు కలుపుతవ్రా? ఊర్లె రోగమొస్తె తల్లిని కడవలకు పిల్సి పొలిమేర దాటిస్తలేమా? గట్లనే సాగనంపుదాం. తల్లి టేసన్‌కొచ్చింది. టేసన్‌కొచ్చినోళ్ళు ఎప్పటికి గీడనే ఉంటరా, బండెక్కి పోతరు గని," అంది.

ఆమే నన్ను వెంటబెట్టుకుని నర్సయ్య దుకాణానికి పోయింది. తల్లిని సాగనంపుతామంటే నర్సయ్య ఎగిరిపడ్డాడు. నాయనమ్మ అక్కడే కూలబడి మెల్లగా అడిగింది. "వచ్చిన తల్లిని సాగనంపకుంటె ఊరికి మంచిదా సెడ్డదా నర్సయ్యా?" సెడ్డదే అన్నాడు. "మీ ఊర్లె ముత్యాలమ్మను సాగనంపేనాడు కడవ ఎవలు మోస్తరు?" నర్సయ్య కొబ్బరికాయల కుప్ప సర్దసాగాడు. మా దిక్కు ఏ ఊళ్ళోనైనా ఆ కడవ వాడ ఆడమనిషే మోయాలి. ఇంకొకరు తాకకూడదు. "మరి గామెను లోపటికి రానియ్యకుంటె కడవ ఎట్ల బయిటికొస్తది?" అంది నాయనమ్మ.

మంగళవారం ఎల్లవ్వ తలంటుకుని, పసుపు పూసుకుని వచ్చింది. వేపమండలు కట్టిన కడవ నెత్తిన పెట్టుకుని గడప ముందు నిలబడితే, పోయిన మంగళవారం ఆమెను ఆపినవాళ్ళే రెండు పక్కలకూ జరిగి దారి ఇచ్చారు. కాళ్ళకు నీళ్ళు పోసినవాడు నర్సయ్య. నాయిన గోడ ముందు నిలబడి తల్లిని కడవలోకి పిలిచాడు. ఆయన గొంతు అంత పైకి లేవడం నేను అదివరకు వినలేదు. అయిపోయాక ఎల్లవ్వ బయటికి రాలేదు. నేరుగా టికెట్ల కిటికీ దగ్గరికి పోయింది.

"ఎందరికి?" అన్నాడు సాబు, అలవాటు కొద్దీ.

"ఇద్దరికి సాబ్. నాకొకటి, తల్లికొకటి."

సాబు ఆమెను చూశాడు, కడవను చూశాడు. రెండు టికెట్లు కొట్టి, రెండు చేతులతో ఇచ్చాడు. కోదాడ డ్రైవరు తన పక్క సీటు తుడిచి, "ఇక్కడ కూర్చోమ్మా, అమ్మవారితో వెనక ఎట్లా కూర్చుంటావు," అన్నాడు. ఎల్లవ్వ ముందు సీట్లో కూర్చుంది. నేనూ నాయనమ్మా వెనక. మూసీ దగ్గర బస్సు ఆపారు. బస్సులో వాళ్ళందరూ దిగారు. ఎల్లవ్వ మోకాలి లోతు నీళ్ళలోకి నడిచి కడవ వదిలింది. అక్కడి నుంచి మిర్యాలగూడ పోయి ఆమె మనవరాలిని చూశాం. గుప్పెడంత పిల్ల. నాయనమ్మ ఒడిలో వేసుకుంటే చీర తడిపింది.

తల్లి వెళ్ళిపోయిన గోడ ఇక గోడే. నాయిన కిరీటం గీకి కొంగు కప్పాడు. కత్తి తీసి చేతికి చీపురు కట్టలు ఇచ్చాడు. సింహం కూర్చున్న చోట మూట పెట్టాడు. కండ్లు మాత్రం తాకలేదు. "గివి బిడ్డ దిద్దినయి, గట్లనే ఉండాలె," అన్నాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆ కుంచె నాదే. నేను బడి పిల్లలకు నేర్పినదంతా దాని చలవే. ఆ షెడ్డు ఎప్పుడో కూల్చేశారు. ఇప్పుడు అక్కడ అంగళ్ళు. మా నాయిన బొమ్మకు ఒక్క ఫోటో కూడా లేదు. ఇప్పటి స్టేషన్లలో రంగులు నాలుగు వానలకు చెక్కుచెదరవు, లైట్లున్నాయి, కింద గీసినవాళ్ళ పేర్లున్నాయి, మంచిదే. గోడ కింద ఎవరు కూర్చోవచ్చు అని ఎవరూ అడగరు, అది ఇంకా మంచిది. అయితే ఆ ప్రశ్న ఒకప్పుడు ఉండేదని గీసేవాళ్ళకు తెలిసి ఉండాలి. మా నాయినకు తెలుసు. చదువు లేని, పేరు లేని మనిషి, తల్లి బొమ్మ కంటే దాని కింద కూర్చునే మనిషి పెద్దదని తేల్చుకుని సొంత చేతులతో కిరీటం గీకాడు. నాకు ఆయన మీద ఉన్నంత గర్వం ఇంకెవరి మీదా లేదు. నాయనమ్మ మీద తప్ప.

కానీ కడవ నెత్తిన ఉన్న మనిషికి దారి ఇవ్వడం వేరు, ఉత్త మనిషికి ఇవ్వడం వేరు. అది మా అందరికీ తెలుసు. తరువాతి మంగళవారం ఎల్లవ్వ చీపురు కట్టలతో వచ్చింది. కడవ లేదు, పసుపు లేదు. గడప దగ్గరికి వచ్చేసరికి అలవాటయిన కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. నాయిన నిచ్చెన మీద ఉన్నాడు. నేను కింద చిప్ప పట్టుకుని ఉన్నాను. బెంచీ మీద నర్సయ్య ఉన్నాడు. అతను ఆమెను చూశాడు, గోడను చూశాడు, చుట్ట ముట్టించుకుని అటు తిరిగాడు.

"ఏందే, నిలవడ్డవ్? టికెట్టు కిటికి లోపటుంటది," అంది, నాయినకు సద్ది తెచ్చిన నాయనమ్మ.

ఎల్లవ్వ లోపలికి వచ్చింది. ఒక్క టికెట్టు తీసుకుని కొంగున ముడేసుకుంది. గోడ మీది చీపుర్ల మనిషిని పైనుంచి కిందికి ఒకసారి చూసి, "మూట ఇప్పుడు మంచిగున్నదయ్యా," అంది. ఆ గోడకే వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని కూర్చుంది. పొద్దున్నే నడిచొచ్చిన అలసట, కాసేపటికి నిద్ర పట్టింది. బస్సు వచ్చి హారను కొట్టినా లేవలేదు. కోదాడ డ్రైవరు దిగి లోపలికి వచ్చి, "ఎల్లమ్మా, లేమ్మా, నువ్వెక్కితే పోదాం," అని లేపి తీసుకుపోయాడు.